చాటెడు తవుడు, పదేళ్ళ కాంట్రాక్టు

తవిటిబాబుకి పదేళ్ళ కాంట్రాక్టు కాగితాలు తయారు చేసింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఇంకెవరో వేలెత్తి చూపిస్తే పడాల్సిన ఖర్మ నాకెందుకు?

సికింద్రాబాద్‌లో మేడ మేడకీ సాఫ్ట్‌వేర్ బోర్డులు వేలాడుతున్న రోజులవి. మా కంపెనీకి పని ఇచ్చే అమెరికా వాళ్ళకి బేస్‌బాల్ అంటే పిచ్చి. వాళ్ళని మెప్పించడానికి మా ఎండీ హరికిషన్ సారు 2002లో ఒక జట్టు పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకో అయిదు కంపెనీలు పెట్టాయి. హెచ్ఆర్‌లో ఉన్న పాపానికి ఆటగాళ్ళని వెతికే పని నా నెత్తిన పడింది. క్రికెట్ తప్ప ఇంకోటి తెలియని ఊళ్ళో బేస్‌బాల్ విసిరేవాణ్ణి ఎక్కణ్ణించి తేను, నా తలకాయ!

బోయిన్‌పల్లి మార్కెట్లో దొరికాడు. కింద నిలబడి లారీ మీదికి క్యాబేజీలు విసురుతున్నాడు. పైనున్న మనిషి చేతులు చాపి కదలకుండా నిలబడితే చాలు, ప్రతి గడ్డా తిన్నగా ఆ చేతుల్లోకే పోతోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడడు. వాళ్ళది విజయనగరం పక్క పల్లె. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. తల్లి అమ్మన్నమ్మతో మౌలాలి రైల్వే కాలనీలో ఉండేవాడు.

మూడేళ్ళకి రాయించుకున్నాం. ఆ మూడేళ్ళలో అతని బంతిని బ్యాటుకి తగిలించినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచివాడు. తెచ్చుకున్న ఉప్మాలో సగం మా సెక్యూరిటీ నోవహుకి పెట్టందే తినేవాడు కాదు. బంతి విసిరిన ప్రతిసారీ అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకునేవాడు. అక్కడ పసుపు తిరిగిన పొడి అంటుకునేది. మార్కెట్ దుమ్మనుకున్నాను. మార్కెట్ మానేసి మూడేళ్ళయినా ఆ పొడి మాత్రం పోలేదు.

ఇంకో సంగతి. మా గ్రౌండ్‌లో జనం కూర్చోవడానికి సిమెంటు మెట్లున్నాయి. మూడో మెట్టు మీద, ఒళ్ళో చాట పెట్టుకుని ఒక ముసలామె ప్రతి ఆటకీ వచ్చేది. పల్లీలు అమ్ముకునే మనిషి అనుకున్నాను. ఎవరూ ఏమీ కొనేవారు కాదు. ఆమె కూడా తవిటిబాబుని తప్ప ఇంకెవర్నీ చూసేది కాదు. ఒకసారి నోవహుని అడిగాను.

"ఏ ముసలామె మేడం? గా మెట్టు మీద ఎవ్వలు లేరు."

తాగొచ్చాడని తిట్టాను. పాపం, నోవహుకి ఆ అలవాటే లేదు.

2005లో వేరే కంపెనీ వాళ్ళు తవిటిబాబు చుట్టూ తిరుగుతున్నారని తెలిసి సారు నన్ను పిలిచాడు. "పదేళ్ళకి రాయించుకో కల్పలతా. శుక్రవారం లోపల సంతకం గావాలె." పదేళ్ళంటే అతనికి పర్మనెంటు ఉద్యోగం, తల్లికి సొంత ఇల్లు. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, ఆరో షరతు దగ్గర పెన్ను ఆపేశాడు. 'నేను వేరే ఎవరికీ కట్టుబడి లేను' అని ఉంది అక్కడ.

"ఇది అబద్ధం అవుతాది మేడమ్. నన్ను చిన్నప్పుడే అమ్మీసారు."

బస్ పాస్ పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను పకపకా నవ్వాను. అతను నవ్వలేదు.

సాయంత్రం మౌలాలి వెళ్ళాను. అమ్మన్నమ్మ టీ ఇచ్చి, ఎదురుగా కింద కూర్చుంది.

"ఆడికి ముందు ఇద్దరు పోనారు తల్లీ, పురిట్లోనే. అందుకే ఈడు పుట్టగానే పక్కింటి బుచ్చమ్మకి చాటెడు తవుడుకి అమ్మీసినాను. పరాయోళ్ళ బిడ్డ అనుకుని సావు ముట్టుకోదని. తవుడుకి అమ్మినోడు గనక తవిటిబాబు. పెద్దయ్యాక తవుడిచ్చి మళ్ళీ కొనుక్కోవాల. ఈలోపల బుచ్చమ్మే పోనాది. ఇంకెవుల దగ్గర కొనీది? ఆల మనిషిని మీకెలాగ రాసిచ్చీది?"

నాకు ఒళ్ళు మండింది. శుక్రవారానికి ఒక్క రోజే ఉంది. ఇక్కడేమో చచ్చిపోయినామె హక్కుల గురించి పంచాయితీ!

"గట్లయితే నేనే కొంట పెద్దమ్మా. కంపెనీ తరఫున. రేపు తవుడు తెస్త, చాట తీసి పెట్టు."

మర్నాడు బోయిన్‌పల్లిలో తవుడు కొని, క్యారీబ్యాగులో వేసుకుని వెళ్ళాను. అమ్మన్నమ్మ చాట పట్టుకుంది కానీ నా ముందుకి చాపలేదు.

"నా సేతిలో పొయ్యకూడదేమో తల్లీ. ఆడు నావోడు కాడు గదా. ఆలకే ఇవ్వాల."

"ఆమె యాడున్నది ఇయ్యనీకి? నువ్వే తీస్కో. నన్ను పరేషాన్ చెయ్యకు."

చాటలో పోసేశాను. ఖాళీ సంచి ఉండ చుట్టి వీధిలో పారేశాను. తవిటిబాబు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తల్లి తల దించుకుంది. అతను సంతకం పెట్టాడు. ఒకళ్ళకి అమ్మిన బిడ్డని రెండోసారి ఆ తల్లి చేత అమ్మించానని నాకప్పుడు తట్టలేదు. తట్టినా ఆగేదాన్ని కాదేమో.

ఆదివారం ఆట. మిట్టమధ్యాహ్నం ఎండ. తవిటిబాబు రెండు బంతులు విసిరాడు. మూడోది చేతిలోకి తీసుకున్నాడు. మూడో మెట్టు మీది ముసలామె, మూడేళ్ళలో మొదటిసారి లేచి నిలబడింది. అతను అటు చూశాడు. బంతిని మెల్లగా నేల మీద పెట్టాడు.

"వచ్చేస్తన్నానే అమ్మా."

అన్నానికి పిలిస్తే పిల్లలు పలికినట్టే పలికాడు. మైదానం దాటి, మెట్ల పక్కనుంచి వెనక్కి వెళ్ళాడు. మంచినీళ్ళకనుకున్నాం. అయిదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే మెట్ల వెనక గోడ తప్ప ఏమీ లేదు. దాటడానికి దారి లేని గోడ. మూడో మెట్టు మీద చాట ఉంది, నిండా తవుడుతో. పక్కనే మడత పెట్టి నా క్యారీబ్యాగు ఉంది. నేను పారేసిందే. బోయిన్‌పల్లి కొట్టు పేరు కూడా ఉంది దాని మీద.

పోలీసులు వెతికారు. రైల్వే స్టేషన్లో ఫొటోలు అంటించాం. కాంట్రాక్టు ఉల్లంఘించాడని నోటీసు పంపమన్నాడు సారు. అది కూడా నేనే టైప్ చేశాను.

అమ్మన్నమ్మ మాత్రం ప్రతి సోమవారం ఆఫీసుకి వచ్చేది. ఏడ్చేది కాదు, తిట్టేది కాదు. మొదటి రెండు వారాలూ లోపలికి రానివ్వద్దని నోవహుకి చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మూడో సోమవారం గేటు దగ్గర ఎదురుపడి నా చెయ్యి పట్టుకుంది.

"నాను పిలిస్తే రాడు తల్లీ. నాను రెండు పాలి అమ్మీసినాను. నువ్వు కొన్నావు గదా, నువ్వు పిలు. ఓపాలి పిలమ్మా."

ఆ చేతిని విడిపించుకోలేకపోయాను.

అప్పట్నించీ ఆదివారం ఆదివారం గ్రౌండ్‌కి వెళ్తున్నాను. మూడో మెట్టు మీద కూర్చుంటాను. ఆ చాట ఒళ్ళో పెట్టుకుంటాను. తీసుకో బుచ్చమ్మా, నీ తవుడు నువ్వు తీసుకుని వాణ్ణి పంపించు, అంటాను. తవిటీ, రా నాయనా, అంటాను. నాకు భయమేస్తుంది. అయినా మానలేను.

మొన్న ఆదివారం కొత్తగా వచ్చిన పిచర్ బంతి విసరబోతూ ఆగాడు. నా వైపే చూస్తూ నోవహుని అడిగాడు, ఆ చాట పట్టుకున్నామె ఎవరని.

నోవహు తలెత్తి, నేను కూర్చున్న చోటికేసి చాలాసేపు చూశాడు.

"ఏ ఆమె సార్? గా మెట్టు మీద ఎవ్వలు లేరు."

నోవహూ, నేనే, అని అరిచాను. అతను గేటు వైపు వెళ్ళిపోయాడు. కాంట్రాక్టుకి ఇంకా తొమ్మిదేళ్ళుంది. చాట గట్టిగా పట్టుకుని, తవిటిబాబుని మళ్ళీ పిలిచాను.