చెత్త దొరకని ఊరు

ఇరవై రెండేళ్ళ వయసులో, గుంటూరు బ్రాడీపేట నుంచి మిరప తోటల మధ్య ఉన్న ఆ ఊరి బడికి పంతులమ్మగా వెళ్ళాను. ట్రైనింగులో నేర్చుకున్నదంతా మూడు నెలల్లో పిల్లల బుర్రల్లోకి ఎక్కించేయాలని నా తహతహ. చెత్తతో ఎరువు చేయడం గురించి పాఠం చెప్పి ఊరుకున్నానా? బడి వెనక రెండు గుంటలు తవ్వించి, నాలుగో తరగతికి ఒకటి, ఐదో తరగతికి ఒకటి ఇచ్చాను. ఊళ్ళో చెత్త తెచ్చి ముందు ఎవరు నింపితే వాళ్ళు గెలిచినట్టు. శనివారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి రెండూ నింపి చూపిస్తానని హెడ్మాస్టరుగారి దగ్గర గొప్పలు కూడా పోయాను.

"నిండకపోతే జవాబు మీరే చెప్పుకోవాలమ్మా" అన్నారాయన.

పిల్లల హుషారు చూడాలి! గంట కొట్టడం ఆలస్యం, తట్టలు పట్టుకుని వీధుల్లోకి ఉరికారు. మొదటి రోజు నేనూ కొంగు బిగించి వాళ్ళ వెనక పరిగెత్తాను. పెద్దగా ఏమీ దొరకలేదు. మూడో రోజు పొద్దున చూస్తే రెండు గుంటలూ అంచుదాకా నిండి ఉన్నాయి! నల్లగా మాగిన ఆ చెత్తను చూసి, అప్పుడే ఎరువైపోయిందని మురిసిపోయాను. పట్నం చదువు మరి.

అంతలో మా ఇంటి అవ్వ వచ్చింది. నేను అద్దెకుండేది ఆవిడ ఇంట్లోనే.

"ఏమ్మా పంతులమ్మా, నా పెంటదిబ్బ సగం ఏమైంది? మిరపచేనుకి తోలదామని ఏడాదంతా పోగేసుకున్నా. నీ పిల్లలు తట్టలకెత్తుకుపోయారు!"

ఆ ఊళ్ళో ఒకరి పెంటదిబ్బ మీద చెయ్యి వేయడమంటే వాళ్ళ గాదెలో చెయ్యి పెట్టడమే. పిల్లలను నిలదీశాను. ఐదో తరగతి పిల్ల ఒకతి లేచింది.

"చెత్త ఎక్కడా లేదండీ. పత్తికట్టె పొయ్యిలోకి కావాలంది మా అమ్మ. తొక్కలు గేదెకంట. బూడిద గిన్నెలు తోమడానికంట. రంగుపోయిన తాలు మిరపకాయలు అడిగితే మా నాన్న కొట్టబోయాడండీ, అవీ అమ్ముకుంటారంట. మరి గెలవాలి గదండీ!"

నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పెంటంతా తిరిగి మోయించాను, నేనూ మోశాను. శుక్రవారం సాయంత్రానికి గుంటలు ఖాళీ. నా ఉద్యోగానికి ఆరంభంలోనే అపశకునం అనుకున్నాను.

శనివారం బడికి వెళ్ళేసరికి పిల్లలు గంతులేస్తున్నారు.

"దొరికిందండీ! అసలైన చెత్త దొరికింది!"

గుంటల్లోకి తొంగి చూశాను. అరటి తొక్కలు, కాఫీ పిప్పి, వాడిన కనకాంబరాలు, పొట్లాల కాగితాలు, ఒకవైపే రాసి నలిపేసిన ఉత్తరాలు. రాత నాదే. మూడు నెలలుగా నేను కిటికీలోంచి విసిరేసినవన్నీ ఊడ్చుకొచ్చారు. నోరు తెరిచేలోగా హెడ్మాస్టరుగారితో ఇన్‌స్పెక్టరుగారు రానే వచ్చారు.

"బాగుందే! ఊరంతా తిరిగి పోగుచేశారా?" అన్నారు.

"లేదండీ, ఒక్క ఇంట్లోనే దొరికింది!" అంది ఆ పిల్ల సంబరంగా.

"ఎవరింట్లో?"

రెండు తరగతులూ ఒక్కసారిగా నావైపు వేలు చూపించాయి.

"నాదేనండి" అన్నాను. "ఈ ఊళ్ళో ఇంకెవరికీ చెత్త లేదు."