పదో పిక్క

నా చిన్నప్పుడు మా హరిశ్చంద్రపురంలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. స్టేషన్ మాస్టరు కూడా సందేహం వస్తే నన్నే అడిగేవాడు. ఈ మాట మా మనవలకు ఎన్నోసార్లు చెప్పాను. వయసు మీద పడింది కాబట్టి ఇప్పుడు ఒప్పేసుకుంటాను. నాకప్పుడు పదకొండేళ్లు. ఇరవయ్యారు అక్షరాలు వచ్చు, వాటిలో రెండు తిరగబడి పడేవి. స్టేషన్ మాస్టరు నన్ను అడిగింది ఒక్కసారే. ఎవరబ్బాయివిరా, పట్టాల మీద ఆటలేమిటని.

తెలుగు మాత్రం గడగడా చదివేవాణ్ణి. పక్కింటి అక్కకు ఉత్తరాలు చదివిపెట్టే ఉద్యోగం నాదే. ఆమె భర్తను మేం బావ అనేవాళ్లం. ఆయన కలకత్తా రేవులో పనికి వెళ్లాడు, నెలకో ఉత్తరం రాసేవాడు. అక్క బడికెళ్లకుండానే తమ్ముళ్లను చంకనేసుకున్న మనిషి. నేను అరుగు మీద నిలబడి వీధంతా వినేలా చదివితే, ఆమె తలుపు చాటున నిలబడి వినేది. చివర నాకు రెండు బెల్లం పాకుండలు పెట్టేది.

బావ ఉత్తరాలు కొబ్బరిపీచంత పొడిగా ఉండేవి. ఇక్కడ క్షేమం, గొడుగు బాగుచేయించు, ఆవు ఈనిందా, అంతే. అంత పొడి ఉత్తరానికి రెండు పాకుండలు తినడం నాకే న్యాయంగా తోచలేదు. అందుకని మధ్యలో నా సరుకు కలపడం మొదలుపెట్టాను. 'నీ చేతి ఎండుచేపల పులుసు తలుచుకుంటే ఇక్కడ ముద్ద దిగడం లేదు' అని ఒకసారి కలిపాను. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. ఆ రోజు నాలుగు పాకుండలు దక్కాయి. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ బావ కాస్తో కూస్తో కన్నీళ్లు పెట్టుకుంటూనే ఉన్నాడు.

ఆరో తరగతి అయిన వేసవిలో ఒక సాయంత్రం, గీతల నోటుపుస్తకం పట్టుకుని అక్క ముందు గొప్పలు పోతున్నాను. లైన్ అంటే గీత, ఈ మాట నాకు పూర్తిగా వచ్చేసింది, ఇందులో ఇంకెవరూ నాకు చెప్పవలసింది లేదు అన్నాను. అక్క ఎండబోసిన జీడిపిక్కలను గోనెలోకి ఎత్తుతోంది. తల కూడా ఎత్తలేదు.

"గీతొక్కటేనేటి? ఇంకేటీ లేదా?"

"ఏటీ లేదు. నీకేటి తెలుసక్కా ఇంగిలీసు?"

"నాకేటీ తెల్దు. రేపు పిక్కలట్టుకుని పలాస ఎల్తన్నాను, నువ్వూ రా. దారిలో జనం ఆ మాట కొత్త రకంగా అన్నప్పుడల్లా నీకో పిక్కిత్తాను, జేబులో ఏసుకో. మళ్లీ మనూరు సేరేలోగా పదయితే నువ్వు నాకు తెలుగు అచ్చరాలు నేర్పాల. అవకపోతే డబ్బాడు పాకుండలూ నీవే."

నవ్వుతూ ఒప్పుకున్నాను. మా గుమ్మం ఎక్కాక గానీ నా మీదికేం వచ్చిందో తెలియలేదు. అక్కకు చదువొస్తే పాకుండలు పోతాయి, అది సరే. కానీ ఆమె ట్రంకుపెట్టెలో దాచుకున్న పాత ఉత్తరాలన్నీ తీస్తుంది. వాటిలో ఎక్కడ వెతికినా పులుసు మాట దొరకదు.

మర్నాడు పొద్దున్నే టికెట్ల కిటికీ దగ్గర మొదటి పిక్క పడింది. లైన్లో నిలబడండని పోర్టరు కేక వేశాడు. ఆ కేక ఆగకముందే, వెనక స్టేషన్ గదిలోంచి లైన్ క్లియర్ వచ్చిందని మరో కేక. బండెక్కాక ఎదుటి తలపాగా ఆయన పక్కాయనను పలకరించాడు: "ఏ లైన్లో ఉన్నావు మావా ఇప్పుడు?" ఆయన, "బెల్లం ఒగ్గేసి కొబ్బరి లైన్లోకి దిగాను బావా" అన్నాడు. అక్క ఇంకో పిక్క నా అరచేతిలో పెట్టింది. నౌపడా వచ్చేసరికి టెక్కలి వాళ్లంతా చిన్న లైను బండి కోసం మూటలతో దిగిపోయారు. నాలుగు.

పలాసలో అక్క నన్ను కావాలనే తిప్పిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. పిక్కలు కొనే వ్యాపారి కొట్టు స్టేషనుకు దగ్గరే. మేం మాత్రం ఊరంతా చుట్టాం. కరెంటు స్తంభం ఎక్కినవాడు లైను తెగిందన్నాడు. బట్టల కొట్టులో ఎవరో లైన్ల చొక్కా గుడ్డ బేరమాడుతున్నారు. వ్యాపారి ఫోను చెవికి ఆనించుకుని పొద్దుటి నుంచి లైను కలవలేదని విసుక్కుంటున్నాడు. జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక పనివాళ్లకు వరసగా కట్టిన లైనిళ్లలో అక్కకు ఒక స్నేహితురాలు ఉంది. మంచినీళ్లిస్తూ ఆమె, "కొత్తగా పనికొచ్చిన గుంటలు ఓ మాటినరు. ఆళ్లని లైన్లో పెట్టేసరికి నా పేణం పోతంది" అంది. నేను వేళ్లు మడిచి చూసుకున్నాను. తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో చొక్కా గీతలు తప్ప ఒక్కటి కూడా నా నోటుపుస్తకంలో లేదు. అవన్నీ బడి మొహం చూడని అక్క చెవుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి.

తిరుగు బండిలో జేబులోని పిక్కలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. ఇంకొక్కటి వినపడితే అయిపోయినట్టే. ఉన్నవాటినే తగ్గించేద్దామనుకున్నాను. అక్క ఎదురుగా కూర్చుంది, చేత్తో బయటికి విసిరితే చూస్తుంది. దగ్గు వచ్చినట్టు నటించి రెండు పిక్కలు నోట్లో వేసుకున్నాను. కిటికీలోంచి ఉమ్మేద్దామని నా ఎత్తు. అంతలో బండి కుదిపింది. దవడ గట్టిగా పడింది. సరిగా ఆరని పిక్క ఒకటి పళ్ల మధ్య పగిలింది.

జీడిపిక్క తొక్కలోని రసం సంగతి మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నోరు నిప్పుల కుంపటైపోయింది. నా కేకకు బండి ఆగిపోయింది. సరే, ఆగింది కోటబొమ్మాళి స్టేషన్ వచ్చినందుకు. పెట్టెలో జనమంతా లేచి నిలబడ్డారు. ఒక ముసలమ్మ మూటలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. "ఓలమ్మ! పిక్క కొరికాడేటి? ఉద్దానం పిల్లలెవులైనా పచ్చి పిక్క కొరుకుతారేటే?" అని నోరెళ్లబెట్టింది. అక్కకు పిక్కలు తగ్గిన నా జేబూ కనపడింది, నా చెంప కింద ఉన్న రెండో పిక్కా కనపడింది. అయినా నలుగురిలో నన్ను పట్టివ్వలేదు.

"ఆకలేసుంటాదమ్మా, పొద్దుట్నించీ ఏటీ తిన్లేదు" అని నా పెదాలకు నూనె రాసింది. ఆ నూనె మంట తగ్గించింది గానీ ఆ మాట ఇంకో మంట పెట్టింది.

ఊళ్లో దిగేసరికి నా పెదవి గుమ్మడికాయంత వాచింది. కాదు, నిమ్మకాయంత. పదో పిక్క పడలేదు. పందెం నేనే గెలిచాను. ప్లాట్‌ఫారం చివర అక్క ఖాళీ గోనె మడుచుకుంటూ, పాకుండల డబ్బా పొద్దున్నే పంపిస్తానంది. ఆమె మొహంలో కోపం లేదు. దాచుకున్న దిగులు మాత్రం ఉంది. అది చూడలేక నాకు ఏడుపొచ్చేసింది.

"అక్కా, బావ ఉత్తరంలో ఆ పులుసు లైను నాను సొంతంగా కలిపిందే. ఏడ్సిన లైన్లూ నాయే" అన్నాను, వాచిన నోటితో.

ఆమె మడిచిన గోనె కింద పెట్టింది. తర్వాత కొంగుముడి విప్పి మిగిలిన పిక్క తీసి నా జేబులో వేసింది.

"పది" అంది.

ఆ వేసవిలో అక్కకు చదువు నేర్పింది నేనే. వారం రోజుల్లో నేర్పేశాను. అలా అని నేను చెప్పుకుంటాను గానీ, పెదవి వాచినందుకు మొదటి వారం ప, బ, మ దగ్గర నా నోరు పలకలేదు. ఆమె నవ్వి నవ్వి పలక మీద పడిపోయేది. గుణింతాలు నా దగ్గర దిద్దింది. ఒత్తులు గోడల మీది రాతలు చూసి తనే పట్టుకుంది. తొలకరి నాటికి ట్రంకుపెట్టె తెరిచింది. ఒక్కొక్క ఉత్తరం వేలు పెట్టి చదువుకుంది. గొడుగూ ఆవూ తప్ప ఏమీ దొరకలేదు. నేను గోడవారన నక్కి కూర్చున్నాను.

"నువ్వు రాసిందే బాగుందిరా తమ్ముడా. ఉండు, ఆ లైను ఆయన సేతే రాయిత్తాను" అని, జీవితంలో మొదటి ఉత్తరం తన చేత్తో రాసింది. అందులో ఏం రాసిందో నాకు చూపించలేదు.

నెల తర్వాత జవాబొచ్చింది. అక్క దాన్ని నేనెప్పుడూ చదివే అరుగు మీదికే తెచ్చి, వీధి విన్నా వినకపోయినా లెక్కచేయకుండా తనే చదివింది. నీ పులుసు లేక నేనెలా బతుకుతున్నానో అని బావ రెండు పేజీలు రాశాడు. లేదు లేదు, మళ్లీ పాత అలవాటు. బావ రాసింది మూడు మాటలే. గొడుగుకూ ఆవుకూ మధ్యన, 'నీ పులుసు గుర్తొస్తోంది.' ఆ మూడు మాటల్నీ అక్క మూడుసార్లు చదివింది. నేను కలిపిన కన్నీళ్లన్నీ పోగేసినా ఆమె గాజులు అంతలా గలగలమనలేదు.

అక్కకిప్పుడు ఎనభై దాటాయి. ఫోను చేస్తే ముందు "లైన్లో ఉన్నావేటిరా?" అంటుంది. పదకొండోది అంటాను నేను. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక జీడిపిక్క ఉంటుంది. ఆనాటి పదో పిక్క ఇదేనని అందరికీ చూపిస్తుంటాను. నిజానికి అది ఎప్పుడో పురుగుపట్టిపోయింది. ఏటా వేసవిలో కొత్తది వేసుకుంటాను. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరికి చేరవేసేటప్పుడు చెయ్యి దానంతట అదే జేబు మీదికి వెళ్తుంది. పిక్క తగలగానే పెదవి చురుక్కుమంటుంది. అప్పుడు విన్నది విన్నట్టే చెబుతాను.