టైలరక్క దుకాణం గుండా వచ్చినవాళ్లు

రాజంపేటలో మా క్లినిక్ పక్కన జాకెట్లు కుట్టే టైలరక్క పోయిన నెల చనిపోయింది. పొద్దున నేను వచ్చేసరికి మా రిసెప్షన్ అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. "మేడం, అక్క నిద్రలోనే పోయిందంట" అంది. ముందురోజు సాయంత్రమే అక్క నాతో పోట్లాడింది, అన్నం తినకుండా పేషంట్లను చూస్తున్నానని. నేను విసుక్కున్నాను కూడా.

పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే డాక్టర్ని నేను. ఈ ఊళ్లో నన్ను నిలబెట్టింది నా చదువు కాదు, ఆవిడ. ఇది వినయంతో అంటున్న మాట కాదు.

కర్నూలులో చదివి, కడపలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, సొంత క్లినిక్ పెడదామని ఇక్కడికి వచ్చాను. ప్రచారం లేనిదే ఎవరూ రారని నలుగురూ అంటే ఆ పనీ గట్టిగానే చేశాను. పేపర్లలో కరపత్రాలు పెట్టించాను. లోకల్ కేబుల్లో స్క్రోలింగ్ వేయించాను. "సంతానలేమికి అత్యాధునిక చికిత్స" అని వీధి చివరికి కూడా కనబడేంత బోర్డు పెట్టాను. మొదటిసారి ఒక జంటకు బిడ్డ పుట్టగానే, భర్తను అడిగి, ముగ్గురి ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాను. ఆ తర్వాత మూడు వారాలు ఒక్క మనిషి గడప తొక్కలేదు. జ్వరాలకు వచ్చేవాళ్లు కూడా మానేశారు.

అప్పటికి ఆవిడతో నాకు పలకరింపు మాత్రమే. ఒకరోజు మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో అట్లాగే లోపలికి వచ్చింది. సూదులు తీసి నా బల్ల మీద పెట్టి కూర్చుంది.

"డాక్టరమ్మా, ఆ ఫొటోలో పిల్ల నీళ్లకు గూడా బయటికి రావడం ల్యా. వాళ్ల ఈదిలో ఆ పసిబిడ్డను ఆసుపత్రి బిడ్డ అంటాండారు."

భర్తను అడిగాను గానీ ఆ అమ్మాయిని అడగాలని నాకు తోచనే లేదు. అప్పటికప్పుడు ఫ్లెక్సీ విప్పించి, చుట్టి, వాళ్లింటికి పట్టుకెళ్లి క్షమించమన్నాను. ఆ అమ్మాయి బిడ్డను నా చేతికి ఇచ్చింది.

తిరిగొచ్చి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటుంటే టైలరక్క మళ్లీ వచ్చింది.

"యాడికి?"

"కడపకు. పాత ఉద్యోగానికి. ఇక్కడికి ఎవరూ రావడం లేదు కదక్కా."

"యాల రారు? నీ బోర్డు కింద నిలబడేదానికి సిగ్గుపడతాండారు, అంతే. నా కాడికి దినామూ వస్తాండారు. కొలత తీసేటప్పుడు ఎంతమంది ఏడ్చినారో నీకు తెలుసునా?"

నిజమే. జాకెట్ల దుకాణంలోకి మగవాళ్లు రారు. పరదా వెనక చేతులెత్తి నిలబడ్డ ఆడమనిషి ఆవిడకు చెప్పని సంగతి ఉండదు. ఎవరు నీళ్లోసుకున్నారో నాకంటే ముందు ఆవిడ టేపుకు తెలిసేది.

మా రెండు గదులూ ఒకప్పుడు ఒకే ఇల్లు. నడుమ తలుపుకు అడ్డంగా నా బీరువా ఉండేది. ఇద్దరం కలిసి దాన్ని పక్కకు జరిపాం. జాకెట్టుకని ఆవిడ దుకాణంలోకి వచ్చినవాళ్లు ఆ తలుపులోంచి నా గదిలోకి వచ్చేవాళ్లు. బోర్డు కూడా ఆవిడే మార్పించింది. "ఆడవాళ్ల డాక్టరు. డాక్టరు కూడా ఆడమనిషే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మగవాళ్లు రాకూడదు." పల్లెల నుంచి బజారుకు వచ్చినవాళ్లు తిరుగు బస్సు కోసం కాచుకునే వేళ అది. ఇంత చదివిన నాకు ఆ మాత్రం తట్టలేదు.

ఫోన్ల సంగతీ అంతే. మా వైద్యంలో స్కాన్ రోజు తప్పితే ఆ నెల పోయినట్టే. గుర్తు చేద్దామని మేం ఫోన్ చేస్తే ఎత్తేది అత్తగారో మరిదో. చాలామంది విషయంలో మొగుడికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు. అందుకని అక్కే ఫోన్ చేసేది. "జాకెట్టు అయిపోయినాది, రేపొచ్చి తీసుకపొమ్మని చెప్పండి" అని పెట్టేసేది.

"అబద్ధం కదా అక్కా" అన్నానొకసారి.

"అబద్ధమేముండాది? కుట్టి పెట్టినా గదా. ఉత్త చేతుల్తో ఇంటికి పోతే అడగరా?"

నిజంగానే కుట్టేది. ఒకామెకు పదకొండు జాకెట్లయ్యాక గానీ కడుపు నిలవలేదు. "నీ మందు శానా నిదానం డాక్టరమ్మా, ఆ పిల్ల బీరువా నిండిపాయ" అని నన్ను ఏడిపించేది. కడుపు నిలిచిందని తెలిస్తే సంబరం చేసేది కాదు. కోపంగా ఉన్నట్టే మొహం పెట్టి, "ఇంగ కుట్లు విప్పుకునేదానికి లోపల గుడ్డ వదిలి కుడతా" అనేది. ఆ మాట విన్నవాళ్లు నా రిపోర్టు చదవకముందే నవ్వేవాళ్లు.

ఆవిడ పోయాక వాళ్ల తమ్ముడు మిషన్లు తీసుకెళ్లాడు. ఇంటి ఓనరు నడుమ తలుపుకు తాళం వేశాడు. స్కాన్ రోజులు దగ్గరపడుతుంటే ఫోన్ చేసి ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఇంతమందిని నడిమధ్యలో వదిలిపెట్టి పోయినందుకు అక్క మీద కోపం కూడా వచ్చింది.

మొన్న సోమవారం, బజారు నిండా జనం ఉన్న వేళ, ఒక పల్లె అమ్మాయి నేరుగా ముందు వాకిట్లోంచి వచ్చింది. ఆరు నెలలుగా అక్క దుకాణం వైపు నుంచి తప్ప రాని మనిషి. వెనకాల ఒక పెద్దావిడ ఉంది.

"ఈమె మా అత్త, మేడం. నిన్న అంతా చెప్పేసినా. అక్క ల్యాకపాయ, ఇంగ ఎవరికో ఒకరికి చెప్పుకోవాల గదా."

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇన్ని దినాలు నాకు చెప్పకపోతివే అని తిట్టినా డాక్టరమ్మా. స్కాను దినం దాటిపోలేదు గదా?"

"లేదమ్మా, ఈరోజే" అన్నాను. వాళ్లను స్కాన్ గదిలోకి పంపి, కళ్లు తుడుచుకోవడానికి వాకిట్లోకి వచ్చాను. మెట్ల మీద, బజారంతా చూసేచోట, రెండు జతల చెప్పులు పక్కపక్కనే విడిచి ఉన్నాయి.