మైకు దేశం దాటింది

బిస్కెట్ల ఫ్యాక్టరీలో అతనికి వేరే పేరు ఒకటి ఉందన్న సంగతి జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎదురుపడితే సూపర్వైజరు గారు, వెనక్కి తిరిగితే మైకు. ప్యాకింగ్ సెక్షన్లో బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్ళు నిలబడి బిస్కెట్లు వరసలు పేరుస్తుంటే, వాళ్ళ వెనక అటూ ఇటూ తిరుగుతూ అరవడం అతని పని. మనిషి గానుగెద్దు లాంటివాడని, అదిలించకపోతే ఆగిపోతాడని అతని సిద్ధాంతం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, నోరు పెద్దదైతే చాలునని అతను ఏళ్ళ తరబడి రుజువు చేస్తూ వచ్చాడు. బిస్కెట్టు ఎలా పేర్చాలో అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు.

ఆ వరసలో అతని భార్య చెల్లెలు కూడా ఉండేది. బంధుప్రీతి అన్న మాట రాకూడదని ఆమె మీద అందరికన్నా రెండింతలు అరిచేవాడు.

ఒకరోజు యజమాని లెక్క వేసుకున్నాడు. ఇక్కడ ఒకరికిచ్చే జీతంతో ఫలానా దేశంలో ముగ్గురు దొరుకుతారు. నెల తిరక్కుండా యంత్రాల బోల్టులు విప్పి, పెట్టెల్లో పెట్టి ఓడ ఎక్కించారు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళందరికీ తలా ఒక కవరు, తలా రెండు డబ్బాల బిస్కెట్లు ఇచ్చి ఇంటికి పంపారు. యంత్రాలతో పాటు ఒక విదేశీ నిపుణుణ్ణి కూడా పంపితే అక్కడి అధికారుల దగ్గర గౌరవంగా ఉంటుందని ఎవరో సలహా ఇచ్చారు. మెకానిక్కుకు పాస్‌పోర్టు లేదు. మైకుకు ఉంది. ఎప్పుడో తోడల్లుడితో పందెం కాసి తీయించుకున్నాడు. ఆ విధంగా నిపుణుడయ్యాడు.

"జీతం ఎంతండీ?" అని అడిగాడు యజమానిని.

"ఇప్పుడున్నదే."

"పరాయి దేశం కదండీ, కాస్త పెంచుతారేమోనని..."

"పిచ్చివాడా, ఇది అక్కడ నలుగురి జీతమయ్యా! విమానం దిగగానే పెరిగిపోయినట్టే."

లెక్క సరిగ్గానే ఉన్నట్టనిపించింది. ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమెకూ అలాగే అనిపించింది. తోడల్లుడికి మాత్రం అనిపించలేదు.

"జనం జీతాలు ఎక్కువున్న దేశానికి పోతారన్నయ్యా. తక్కువున్న దేశానికి పోయేవాణ్ణి నిన్నే చూస్తున్నా. పల్లానికి పారేవి నీళ్ళేననుకున్నాను ఇన్నాళ్ళూ."

"నువ్వు ఊళ్ళో ఉండి మిట్టలెక్కావులే," అన్నాడు మైకు.

మరదలు పెట్టె సర్దడానికి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ సర్దింది తక్కువ. "ఏం బావా, నా ఉద్యోగం మూటగట్టుకుని పోతున్నావటగా! దారిలో పడెయ్యకు. నా చోట నిలబడేదానికి జాగ్రత్తగా అప్పజెప్పు."

"నోర్ముయ్యవే."

"నేను మూస్తాను సరే. అక్కడ నీ నోరు ఎవరికి అర్థమవుతుంది బావా?"

"శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటే!" అని భార్య చెల్లెల్ని కసిరింది. మైకు మాత్రం ఆ ప్రశ్న గురించి విమానంలో కూర్చున్నాక గానీ ఆలోచించలేదు.

కొత్త ఫ్యాక్టరీ ఒక పొడుగాటి రేకుల షెడ్డు. అందులో ఒక మూల అద్దాల గది కట్టి, తిరిగే కుర్చీ వేసి, తలుపు మీద నిపుణుడు అన్న మాట రెండు భాషల్లో రాయించి పెట్టారు. బస ఇనుప సామాన్ల కొట్టు పైన ఒక గదిలో. కిటికీ తెరిస్తే ఎదురుగా టైర్లకు పంక్చర్లు వేసే చోటు. తెల్లారేసరికి అక్కడ గాలి కొట్టే యంత్రం మొదలయ్యేది, ఇక అలారం అక్కర్లేదు.

అనువాదానికి టైమ్ ఆఫీసులో పనిచేసే ఒక నడివయసు ఆవిడను ఇచ్చారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు మన దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుందట. తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాటా తుడిచి పెట్టినట్టు మాట్లాడుతుంది.

మొదటి రోజే మైకు బెల్టు దగ్గరికి వెళ్ళి గొంతు విప్పాడు. "బిస్కెట్లు పేరుస్తున్నారా, పేకముక్కలు కలుపుతున్నారా? అవి చేతులా, చిల్లుగరిటెలా? తిన్నదంతా ఎటు పోతోంది? ఇలాగైతే సాయంత్రానికి ఒక్కొక్కరి తోలు వలుస్తా!"

ఆవిడ శ్రద్ధగా విని, ఆడవాళ్ళ వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పింది. అందరూ అతని వైపు ఆప్యాయంగా చూసి తలలూపారు.

"ఏం చెప్పారమ్మా?"

"ఒంట్లో బాగుందా అని మీరు అడుగుతున్నారని చెప్పాను."

"నేనన్నది అదా?"

"మీరన్నదానికి మా భాషలో సరిపోయే మాట లేదండీ. పని నెమ్మదిగా చేసేవాళ్ళను మేము అదే అడుగుతాం."

"మరి సోమరిపోతులుంటే?"

"వాళ్ళనూ అదే అడుగుతాం. సిగ్గుపడి లేస్తారు."

వారం రోజులు అరిచాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అరిచినా అరవకపోయినా బెల్టు అదే వేగంతో నడిచింది, వరసలు అలాగే పడ్డాయి, పెట్టెలు అలాగే నిండాయి. ఇంకొకడైతే సంతోషించేవాడు. మైకుకు గుండె జారిపోయింది. వీళ్ళు అదిలించకుండానే పని చేసేస్తుంటే అదిలించడానికి వచ్చినవాడు దేనికి? మూడో నెలాఖరుకు యజమాని స్వయంగా వచ్చి చూసి, నిపుణుణ్ణి ఉంచాలో పంపించాలో తేలుస్తానని ముందే చెప్పాడు. పంపిస్తే వెనక్కి పోవడానికి అక్కడ ఉద్యోగం లేదు, సెక్షనే లేదు. దాన్ని గోడౌను చేసి అద్దెకిచ్చారు. పిల్లలిద్దరూ కాలేజీల్లో ఉన్నారు. తోడల్లుడు వీధి చివర కాచుకుని ఉంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన తోడల్లుడు.

ఈలోగా గొంతు పూడుకుపోయింది. ఈ పెద్దమనిషికి ఏదో జబ్బుందని, అందుకే అలా గట్టిగా మూలుగుతున్నాడని బెల్టు దగ్గర ఆడవాళ్ళు ముందే నిర్ణయించుకున్నారు. ఇప్పుడు రుజువు దొరికింది. వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ వేడినీళ్ళు తెచ్చిచ్చి, తన పక్కన ఒక స్టూలు వేసి కూర్చోమని సైగ చేసింది. అక్కడ వాళ్ళు కూర్చునే పని చేస్తారు. మన దగ్గర కూర్చుంటే నిద్రొస్తుందని స్టూళ్ళు తీయించేసింది మైకే.

కూర్చున్నాడు. నోరు పనిచెయ్యడం లేదు, చేతులు ఊరికే ఉన్నాయి, ముందు నుంచి బిస్కెట్లు పోతున్నాయి. ఒక గుప్పెడు తీసి పేర్చబోయాడు. సగం విరిగిపోయాయి. బెల్టు పొడుగునా నవ్వులు. అనువాదం ఎవరూ అడగలేదు. పెద్దావిడ విరిగిన ముక్కలు చప్పున తన ముందున్న చెత్తబుట్టలో వేసేసి, వేళ్ళు ఎలా పెట్టాలో చూపించింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. గొంతు వచ్చాక కూడా వెళ్ళాడు. బిస్కెట్టు అంచు వేలి కొసల్ని కొద్దికొద్దిగా కోస్తుందని, మధ్యాహ్నానికల్లా మెడ కొయ్యబారిపోతుందని తెలిసింది. మరదలు ఒకప్పుడు వేళ్ళకు గుడ్డ చుట్టుకుంటానంటే ఇదేమైనా ఆసుపత్రా అని అరిచినట్టు గుర్తొచ్చింది. ఫోన్ చేసి ఆమెతో ఓ మాట చెబుదామనుకున్నాడు. చెబితే బతికున్నన్నాళ్ళూ దెప్పుతుందని మానేశాడు.

ఆ రోజుల్లోనే భార్యకు అనుమానం వచ్చింది.

"ఏంటండీ అలా గుసగుసలాడుతున్నారు? పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరే."

"మన కాపురం మొత్తంలో మీరింత మెత్తగా మాట్లాడింది పెళ్ళిచూపుల రోజొక్కటే. నిజం చెప్పండి. ఎవత్తది?"

ఫోన్లో నిజాయితీ నిరూపించుకోవడానికి ఒక పూట గట్టిగా అరవాల్సి వచ్చింది. కింద ఇనుప కొట్టువాడు పరిగెత్తుకుంటూ పైకొచ్చాడు.

అంతలో యజమాని వచ్చే తేదీ తెలిసింది. యజమాని ఏం చూస్తాడో మైకుకు బాగా తెలుసు. పెట్టెలు లెక్కపెట్టడు. మొహాలు చూస్తాడు. కూలివాడి మొహంలో భయం కనపడకపోతే కూలి ఎక్కువిస్తున్నామని అతని నమ్మకం.

మైకు అనువాదకురాలి దగ్గరికి వెళ్ళి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "అమ్మా, ఒక్క రోజు. ఒక్క రోజు వాళ్ళు నన్ను చూసి భయపడాలి."

"ఎందుకండీ?"

"భయపడకపోతే నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ వెళ్ళి చెప్పింది. ఆడవాళ్ళు చాలాసేపు చర్చించారు. ఒకరిద్దరు జాలిగా చూశారు. ఒకామె కడుపు పట్టుకుని నవ్వింది. చివరికి కబురొచ్చింది. "సరేనన్నారు. కానీ భయపడటం ఎలాగో మీరు చేసి చూపించాలట."

ఎంతోమందిని భయపెట్టాడు గానీ, వాళ్ళ మొహాలు ఎలా ఉండేవో మైకు ఎప్పుడూ పట్టించుకోలేదు. తను యజమాని ముందు నిలబడే తీరు తలుచుకుని అదే చూపించాడు. మెడ లోపలికి లాక్కున్నాడు, భుజాలు ముడిచాడు, చూపు నేల మీద పెట్టాడు, ఏమీ అడక్కముందే తలాడించాడు. అందరూ మెచ్చుకున్నారు. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారని పెద్దావిడ అడిగించింది. అనుభవమని చెప్పాడు.

యజమాని వచ్చిన రోజు నాటకం రక్తి కట్టింది. మైకు పాత గొంతు బయటికి తీసి, తోలు వలుస్తా దగ్గర మొదలుపెట్టి చిల్లుగరిటెల దాకా మొత్తం వల్లించాడు. ఆడవాళ్ళు కుక్కిన పేనుల్లా అయిపోయారు. ఒకామె కన్నీళ్ళే పెట్టుకుంది. అది నేర్పింది కాదు, సొంతంగా కలుపుకుంది. భయం నటించేసరికి చేతులు కూడా మామూలుకన్నా వేగంగా ఆడాయి.

యజమాని మొహం వెలిగిపోయింది. అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తిరిగే కుర్చీలో తనే కూర్చున్నాడు.

"శభాషయ్యా! ఏమో అనుకున్నాను గానీ, మూడు నెలల్లో దారికి తెచ్చావు. ఇదిగో, మూడేళ్ళకు కాగితం. సంతకం పెట్టు."

మైకు పెట్టాడు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

"ఇంకోటి. ఇంత భయమున్నవాళ్ళ చేత ఇంకా చేయించుకోవచ్చు. అనవసరంగా మొహమాటపడుతున్నాం. రేపటి నుంచి బెల్టు వేగం పెంచు. మధ్యాహ్నం వాళ్ళకిచ్చే విరామం సగానికి తగ్గించు."

అది నాటకమండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. సంతకం ఇంకా ఆరలేదు. మైకు మెడ లోపలికి లాక్కుని, చూపు నేల మీద పెట్టి, "అలాగే సార్," అన్నాడు.

కారు గేటు దాటగానే షెడ్డంతా చప్పట్లు మోగాయి. ఏడ్చినామె ఇంకా ఎలా ఏడవగలిగి ఉండేదో అందరికీ చేసి చూపిస్తోంది.

"ఎలా చేశామని అడుగుతున్నారు," అంది అనువాదకురాలు.

"బ్రహ్మాండంగా చేశారని చెప్పండి."

"మీ ఉద్యోగం నిలబడిందా అంటున్నారు."

"నిలబడింది. మూడేళ్ళకు." ఆ తర్వాత మైకు బెల్టు వేగం సంగతి, విరామం సంగతి కూడా చెప్పాడు. తను చెప్పినదాన్ని ఆవిడ ఈసారి ఒక్క మాటా తగ్గించకుండా అనువదించింది. దానికి వాళ్ళ భాషలో మాటలన్నీ ఉన్నట్టున్నాయి.

నవ్వులు ఆగిపోయాయి. పెద్దావిడ చేతులు తుడుచుకుని, నెమ్మదిగా, చాలా మర్యాదగా ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఒక్క రోజంటే మీ మీద అభిమానంతో ఊరికే భయపడ్డాం అంటోంది. మూడేళ్ళు భయపడాలంటే అది వేరే పనట. బిస్కెట్లకిచ్చే కూలిలో అది కలవదట. దాని కూలి ఎవరిస్తారని అడుగుతోంది."

మైకు గేటు వైపు చూశాడు. కారు లేపిన దుమ్ము కూడా అణిగిపోయింది. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్ళందరూ నలుగురి జీతం తీసుకునే మనిషి వైపు చూస్తున్నారు. అతను ఒకసారి జేబులో కాగితం తడుముకున్నాడు. పిల్లల కాలేజీలు తలుచుకున్నాడు, తోడల్లుణ్ణి తలుచుకున్నాడు.

"ఎంతట?" అని అడిగాడు.

పెద్దావిడ వెంటనే చెప్పలేదు. బేరం నిలబడి మాట్లాడేది కాదన్నట్టు అతని ముందుకు స్టూలు జరిపింది.