మడుగులో నాటిన కర్ర

మా కోడుమూరు దిక్కున చెరువుల్లో చేపలు పట్టి బతికేవాళ్లకు ఇప్పుడు వానల మీద నమ్మకం పోయింది. చెరువు ఆలస్యంగా నిండుతుంది, చేపపిల్లలను ఆలస్యంగా వదలాల్సి వస్తుంది, అవి ఎదిగేలోపే ఎండలు ముంచుకొస్తాయి. అందుకని వాళ్లే చెరువు నడుమ ఒక మడుగు తవ్వుకున్నారు. మిగతా చెరువంతా ఎండినా చేపలు అందులో చేరి ఇంకో నెల బతికితే బరువెక్కుతాయని వాళ్ల ఆశ. నీళ్లు మడుగుకు దిగాక మోటార్లు వేయబోమని చెరువు కింది రైతులందరం మాటిచ్చాం. అందరికంటే గట్టిగా ఇచ్చింది నేనే.

వాళ్ల పెద్దాయన గాట్లు పెట్టిన కర్ర ఒకటి మడుగులో నాటాడు. రోజూ పొద్దున్నే దాన్ని చూసి, నీళ్లు ఇంకెన్నాళ్లు ఆగుతాయో చెప్పేవాడు. ఆయన అంచనా తప్పడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు.

నా ఉల్లికి ఒక్క తడి తక్కువైంది. గడ్డ ఊరే సమయం. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు పైపు మడుగులో వేసి గంటసేపు మోటారు ఆడించాను. ఒక్కరోజే అనుకుని ఐదు రోజులు ఆడించాను.

ఆరోనాడు మిగిలిన ఆ కాసిని నీళ్లు ఎండకు కాగిపోయాయి. చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఒక్కటీ అరచేతిని మించి లేదు. గట్టు మీద గుంపులో నేనూ నిలబడి అయ్యో అన్నాను. పెద్దాయన కర్ర పీకి, గాట్లను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"ఎండది తప్పు గాదప్పా. నా కండ్లే మోసం చేసినాయి. ఇంక నన్ను అడగాకండి" అన్నాడు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోయానని రాయడం తేలిక. నేనేం చావలేదు, ఉల్లి తవ్వించి మార్కెట్టుకు తోలాను. గడ్డ బాగా ఊరిందని అక్కడ మెచ్చుకుంటే నవ్వాను కూడా.

ఈ ఏడు వాళ్లు మడుగును ఇంకో నిలువు లోతు తవ్వారు, అడుగున రాయి తగిలేదాకా. ఆ చాకిరీ అంతా నా అబద్ధానికే. తవ్వకం అయ్యాక పెద్దాయన మా ఇంటికొచ్చి కర్ర నా చేతిలో పెట్టాడు.

"ఈ తూరి నువ్వు చూసి చెప్పప్పా. మాట మీద నిలబడే మనిషివి, నీ కండ్లు బాగుండాయి."

వద్దంటే ఎందుకో చెప్పాలి. తీసుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే నీళ్లెంతున్నాయో నేనే చెబుతున్నాను. వాళ్లు నమ్ముతున్నారు.