ముట్టని తీగ మోగిన సాయంత్రం

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా పేట మొత్తానికి ఫిడేలు ఉన్నది ఒక్క ఇంట్లోనే. మా ఇంటి వెనక సందులో ఒక ముసలి సాయిబు ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు హరికథలు చెప్పేవాళ్ళ పక్కన కూర్చుని ఊరూరా వాయించి, ఒళ్ళు సహకరించక తిరగడం మానుకున్నాడు. పిల్లలమంతా ఆయన్ను ఫిడేలు తాత అనేవాళ్ళం. సాయంత్రం పూట ఆయన వాయిస్తుంటే నేను మా పెరట్లో అంట్లు తోముతూ, చేతిలో గిన్నె అట్లనే పట్టుకుని నిలబడిపోయేదాన్ని. నేర్చుకుంటానని మా నాయన వెంటపడి ఒప్పించుకున్నాను. తాత తన పాత ఫిడేలు ఒకటి నాకిచ్చి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

తీరా మొదలుపెట్టాక తెలిసింది అదెంత కష్టమో. వీణకు ఉన్నట్టు ఫిడేలుకు మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. నేను తీగల మీద కమాను లాగితే తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు ఉండేది. నెలలు గడిచినా ఒక్క స్వరమూ నిలబడలేదు. పక్కింటి పిన్ని గోడ అవతలి నుంచి నవ్వేది. మా అమ్మకు తలనొప్పి వచ్చేది. చివరికి మా నాయన కిరాణా దుకాణానికి వచ్చే పెద్దమనిషి ఎవరో నా వాయింపు విని, ఈ పిల్లకు చెవి లేదు, అనవసరంగా తిప్పలు పెట్టొద్దు అని చెప్పి పోయినాడు. చెవి లేదంటే ఏందో నాకు పూర్తిగా తెలియదు గానీ, పుట్టుకతోనే రావలసినదేదో నాకు రాలేదని మాత్రం అర్థమైంది. ఆ రోజు అన్నం సయించలేదు.

మరుసటి సాయంత్రం మా నాయన ఫిడేలు తిరిగి ఇచ్చేద్దామని నన్ను వెంటబెట్టుకుని పోయినాడు. సంగతి చెప్పినాడు. తాత ఆయన ముఖంలోకే చూస్తూ అంతా గ్రహించి, నన్ను చాప మీద కూర్చోమన్నాడు. జేబులోంచి పాత బస్సు టికెట్టు తీసి, చిన్న ముక్క చించి, మధ్యకు మడిచి, ‘స’కు శ్రుతి చేసిన తీగ మీద గుర్రమెక్కించినట్టు కూర్చోబెట్టినాడు.

“ఈ తీగను ముట్టొద్దు బిడ్డా. పక్క తీగ మీద ‘స’ కోసం వెతుకు. దొరికితే ఈ కాగితమే చెప్తాది,” అన్నాడు.

నేను వాయించినాను. కాగితం కదల్లేదు. వేలు పైకి జరిపినాను, కిందికి జరిపినాను. దుకాణం వదిలి వచ్చిన మా నాయన గుమ్మం వైపు చూస్తున్నాడు. తాత మాత్రం ఇక్కడ పెట్టు అని చూపలేదు, ముఖం చిట్లించలేదు. తెల్లారేదాకా అయినా కూర్చునేటట్టు కూర్చున్నాడు.

వేలు వెంట్రుకవాసి జరిగిందేమో, కాగితం వణికింది. ఇంకాస్త జరిపేసరికి ఎగిరి నా ఒళ్ళో పడింది. ఆ తీగను ఎవరూ ముట్టలేదు. నేను కమాను ఎత్తేసినా అది తనంతట తాను సన్నగా మోగుతూనే ఉంది. కాగితం మళ్ళీ పెట్టి వాయిస్తే మళ్ళీ ఎగిరింది.

మా నాయన వచ్చి చాప మీద కూలబడి, ఇది ఎట్ల జరిగిందని అడిగినాడు. తాత తల వంచి కాగితం కేసే చూస్తున్నాడు. మా నాయన తాత ముఖం ఎదుటికి వంగి, గట్టిగా ఇంకోసారి అడిగినాడు. అప్పుడు తాత తన రెండు చెవులూ తాకి చూపించినాడు.

“నాకు వినబడక శానా కాలమైంది నాయనా. రొమ్ముకు ఆనిన చెక్క అదురుతాది చూడు, దాన్ని పట్టుకునే వాయిస్తుండా. చెవి లేదని ఈ బిడ్డనెందుకు మాన్పిస్తావు?”

మా పెరట్లో నిలబడి నేను మైమరచి విన్న పాటలన్నీ వాయించిన మనిషికే వినబడలేదు. ఇంటికి పోయేటప్పుడు ఫిడేలును మా నాయనే పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నడిచినాడు.

తర్వాత నేను కచేరీలు చేసినాను, గిద్దలూరులో కాపురముంటూ ఎందరో పిల్లలకు నేర్పినాను. ఇప్పటికీ ఎవరైనా పిల్ల స్వరం తప్పితే నా చెయ్యి వెంటనే దిద్దడానికి లేస్తుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆపుకుంటాను. ఆ బిడ్డ వెతుక్కుంటుంటుంది, నేను పక్కన కూర్చుంటాను, దొరికేదాకా.