ప్రశాంత్ నగర్ అనబడు నా ఘనకార్యం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాస్తే ఒక లావుపాటి రిజిస్టరు నిండుతుంది. వాటిలో చాలావాటిని మా ఆవిడ రోజూ గుర్తుచేస్తూనే ఉంటుంది కాబట్టి మళ్లీ రాయాల్సిన పని లేదు. ఇది మాత్రం ఆవిడ కూడా ఎత్తదు. రెండు పేర్లతో హాయిగా బతుకుతున్న ఒక గల్లీకి, నేను ఒకే ఒక్క మధ్యాహ్నం, రెండు సమోసాలు తినే లోపల, ఉన్న పేర్లు రెండూ ఊడగొట్టాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నన్ను తిట్టుకోవడానికి కూడా కాస్త ఓపిక మిగుల్చుకోండి.

మాది ఎల్లారెడ్డి. దుకాణం మాత్రం కామారెడ్డిలో, పాత బజారు వెనక ఒక గల్లీ మొదట్లో. పేరు సుదర్శన్ జిరాక్స్. సుదర్శన్ అంటే నేనే. పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రం బస్సెక్కి పోతాను. జిరాక్స్ అనేది పేరుకే, అసలు బేరం దరఖాస్తులు. పింఛను, రేషన్ కార్డు, నల్లా కనెక్షన్, ఎవరికి ఏది కావాలన్నా రాసిపెట్టేవాణ్ని. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. 'అయ్యా, తమ దివ్య సముఖమునకు' అని నేను మొదలుపెడితే ఎంతటి ఆఫీసరైనా జేబురుమాలు తీస్తాడని నా గట్టి నమ్మకం.

ఆ గల్లీవాళ్లకు ఒక అలవాటు ఉండేది. పనికి పోయే తొందరలో దుకాణం ముందు ఆగి, తెల్ల కాగితం కింద సంతకమో వేలిముద్రో వేసి, పని ఏమిటో నోటితో చెప్పి వెళ్లిపోయేవారు. తరువాత ఆ కాగితాన్నే ప్రింటర్లో పెట్టి నేను పైన విషయం కొట్టేవాణ్ని. ఏం రాశానో ఎవరూ అడిగేవారు కాదు. అడగకపోవడం నా రాతలోని గొప్పతనం వల్లేనని అనుకునేవాణ్ని.

ఇక గల్లీ సంగతి. ఒక వరుసలో కంచరివాళ్ల ఇళ్లు. ఒకప్పుడు అక్కడ ఇత్తడి బిందెలు, చెంబులు తయారయ్యేవి. వాళ్లకది కంచరి గల్లీ. ఎదుటి వరుసలో పాతకాలపు సరాయి ఉండేదట, టాంగాలూ గుర్రాలూ ఆగే చోటు. ఆ వైపువాళ్లకు సరాయి గల్లీ. కంచరి వరుసకు పెద్దదిక్కు బాలవ్వ. భర్త పోయాక చల్లారిన కొలిమి పక్కనే ఒక్కతే ఉండేది. సరాయి వరుసకు పెద్ద ఖాదర్ భాయ్. తాత టాంగా తోలాడు, ఈయన చాయ్ దుకాణం పెట్టాడు. బాలవ్వ రోజూ ఆ దుకాణంలోనే చాయ్ తాగేది. తాగుతూ ఇది కంచరి గల్లీ అనేది. ఆయన చక్కెర కలుపుతూ సరాయి గల్లీ అనేవాడు. ఇద్దరికీ అదొక కాలక్షేపం.

అప్పుడు వచ్చింది రోడ్డు వెడల్పు. రెండు వరుసలూ చెక్కేసి, మురుగు పోయే కొత్త మోరీలు కట్టి, దుకాణాల సముదాయం లేపుతారట. సరాయి వరుసలో ముందు గదులు పోతాయి. కంచరి వరుసలో చాలా ఇళ్లు మొత్తమే పోతాయి, బాలవ్వది కూడా. ఆమె భిక్నూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. ఇదంతా అయ్యాక ఒక బోర్డు పెడతామనీ, దాని మీద ఒక్క పేరే ఉంటుందనీ, గల్లీవాళ్లంతా కలిసి ఒకే దరఖాస్తు ఇవ్వాలనీ మున్సిపల్ ఆఫీసులో చెప్పారు.

ముందు బాలవ్వ వచ్చింది. తన వైపువాళ్ల సంతకాల కాగితాలు తెచ్చింది. అన్నిటికన్నా పైన తన వేలిముద్ర ఉన్న తెల్ల కాగితం.

"ఇల్లు పోతె పోయింది బిడ్డా. పేరన్న ఉండాలె. లేకుంటె మా ఆయన గీడ కొలిమి వెట్టి బతికిండని ఎవలకు తెలుస్తది? మంచిగ రాయి," అంది.

మంచిగా రాస్తానన్నాను. ఆమె తెచ్చిన సర్వపిండి కూడా తిన్నాను. గంట తరువాత ఖాదర్ భాయ్ వచ్చాడు, అలాంటివే కాగితాలతో. సరాయి పోయిందనీ, టాంగా పోయిందనీ, గుర్రం తన తాత కళ్ల ముందే పోయిందనీ, పేరొక్కటే మిగిలిందనీ చెప్పాడు. ఆయనకూ మంచిగా రాస్తానన్నాను. ఆయన పంపిన చాయ్ కూడా తాగాను.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ఒకరి పేరు రాస్తే సర్వపిండి బంద్, ఇంకొకరి పేరు రాస్తే చాయ్ బంద్. వెళ్లి ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలి కదా? మామూలు మనిషైతే అదే చేస్తాడు. నేను మామూలు మనిషిని కానని అప్పట్లో నాకు అనుమానం. సమోసాలు తెప్పించుకుని, తలుపు దగ్గరికి వేసి, ఎవరికీ కోపం రాని పేరు ఆలోచించాను. మొదటి సమోసా అయ్యేసరికి ప్రశాంత్ నగర్ అనే పేరు తట్టింది. రెండోది అయ్యేసరికి బాలవ్వ ముద్ర ఉన్న కాగితం ప్రింటర్లోంచి బయటికి వచ్చేసింది. రెండు వైపుల సంతకాలూ దాని వెనక గుచ్చి, మర్నాడు స్వయంగా ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఇంత ఐకమత్యం ఎక్కడా చూడలేదని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే అది కూడా నా ప్రతిభకు గుర్తింపే అనుకున్నాను.

గల్లీలో ఎవరు అడిగినా, పని అయిపోయింది, బోర్డు పడ్డాక చూడండి అన్నాను. ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. ఖాదర్ భాయ్ ఆ వారమంతా బాలవ్వ చాయ్‌లో ఒక చెంచా చక్కెర ఎక్కువేశాడు. ఓడిపోయిన మనిషి కదా అని జాలి. బాలవ్వ కూడా జాలితోనే తాగింది.

ఇళ్లు కొట్టేశారు. రోడ్డు పడింది. బోర్డు మీది గుడ్డ తీసే రోజు బాలవ్వ భిక్నూర్ నుంచి కొత్త చీర కట్టుకుని వచ్చింది. గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. చదవడం వచ్చినవాళ్ల చప్పట్లు ముందు ఆగాయి. చదవడం రాని బాలవ్వ ఇంకా కొడుతూనే ఉంది. కొడుతూ నా వైపు తిరిగింది.

"ఏమని రాసిండ్రు బిడ్డా? కంచరి గల్లీ అనేనా?"

ఆ క్షణంలో నా పక్కన తవ్విన మోరీ మూత తెరిచి ఉంటే బాగుండేది. కొత్త పనివాళ్లు చాలా శ్రద్ధగా మూసేశారు.

"కొత్త పేరు అవ్వా. ప్రశాంత్ నగర్. అందరికి మంచిగుంటదని."

"అందరంటె ఎవలు? నేను నీకు ఏలుముద్ర ఏసిచ్చిన గదా."

ఆమె అరవలేదు. అరిస్తే నాకు సమాధానాలు బోలెడు వచ్చేవి. ఖాదర్ భాయ్ బోర్డు వైపు చూసి, నా వైపు చూసి, ఆమెను తన దుకాణంలో కూర్చోబెట్టాడు. ఆ రోజు ఇద్దరూ ఏ పేరూ ఎత్తకుండా చాయ్ తాగారు.

పేరు మార్చాలంటే ముందు సంతకం చేసినవాళ్లంతా మళ్లీ చేయాలన్నారు ఆఫీసులో. సరే అని ఈసారి కంచరి గల్లీ అని విషయం ముందే ప్రింటు కొట్టి, కింద ఖాళీ ఉంచి, బయల్దేరాను. మొదటి ముద్ర బాలవ్వదే కావాలి కాబట్టి భిక్నూర్ వెళ్లాను. మంచినీళ్లిచ్చింది. నా పిల్లల సంగతి అడిగింది. కాగితం చదవమంది. గొంతు సవరించుకుని, దివ్య సముఖమునకు దగ్గర్నుంచి చదివాను.

"మంచిగ రాసినవ్. అప్పుడు గూడ మంచిగనే రాసినవ్ కావచ్చు," అని చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. "నాకు ఆ గల్లీల ఇల్లే లేదు. ఇప్పుడేమని ఏస్త?"

తిరిగొచ్చి ఖాదర్ భాయ్‌ని బతిమాలాను. సరాయి గల్లీ అనే రాసిస్తానన్నా వినలేదు.

"పంచాయితీ మా ఇద్దరిది భాయ్. ఆమె లేకుంట నేనొక్కన్ని గెల్సుడేంది?" అన్నాడు.

నాకు ఆ రోజు ఏడుపొచ్చింది. దుకాణం తలుపు దగ్గరికి వేసుకుని, జిరాక్స్ మిషన్ నడుస్తున్నట్టు చప్పుడు పెట్టి, ఏడ్చాను కూడా.

ప్రశాంత్ నగర్ అన్న పేరైనా నిలబడిందా అంటే అదీ లేదు. పాత పేర్లు తెలిసినవాళ్లు చెదిరిపోయారు, కొత్త పేరు ఎవరి నోటికీ పట్టలేదు. ఎక్కడికి పోవాలని ఆటోవాళ్లు అడిగితే, సుదర్శన్ జిరాక్స్ ఉన్న గల్లీ అని చెప్పుకునేవారు. రానురాను జిరాక్స్ జారిపోయింది. మూడేళ్ల తరువాత బాలవ్వ ఏదో పని మీద కామారెడ్డి వచ్చి, నా దుకాణం ముందు ఆటో దిగింది. కంచరి గల్లీ అంటే ఆటో తోలే పిల్లగానికి తెలియలేదట, సరాయి గల్లీ అని కూడా చెప్పి చూసిందట, చివరికి సుదర్శన్ గల్లీ అంటేనే బండి కదిలిందట.

"నా పేరు పాయె, ఖాదర్ పేరు పాయె. నీ పేరు నిలవడ్డది బిడ్డా. మంచిగుండు," అంది.

దీవెనలో ఆమె కల్తీ ఏమీ కలపలేదు. అందుకే అది ఇంకా నాకు అరగలేదు.

రెండు పేర్లూ కలిపి రాయొచ్చన్న సంగతి మీకు ఎప్పుడో తట్టి ఉంటుంది. నాకు తట్టడానికి ఆ మూడేళ్లు పట్టింది. ఆమె వెళ్లిన వారంలోనే నా బోర్డు పీకించి, 'కంచరి సరాయి జిరాక్స్' అని ఎర్రటి అక్షరాలతో కొత్తది పెట్టించాను. నా దుకాణం పేరుతోనే గల్లీని పిలుస్తున్నారు కదా, ఇక ఆ పేర్లే వాళ్ల నోళ్లలో తిరుగుతాయని నా లెక్క. మర్నాడే బిచ్కుంద నుంచి ఒకాయన పత్రాలు పట్టుకుని వచ్చాడు. దారి ఎలా దొరికిందని ఆశగా అడిగాను.

"కష్టమేం గాలే అన్న. కంచరి సరాయి జిరాక్స్ ఏడుంటదని బస్టాండ్ కాడ అడిగిన. సుదర్శన్ గల్లీల పోతె మొదటి దుకాణమే అన్నరు."

కాబట్టి, ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా: ఇకమీదట నేను ఏ గల్లీకీ, ఏ దుకాణానికీ, ఇంట్లో పుట్టిన పిల్లికూనకు సైతం పేరు పెట్టను. విషయం రాసి, రెండుసార్లు చదివి వినిపించి, సరేనన్న తరువాతే ఎవరి సంతకమైనా తీసుకుంటాను. ఈ ప్రమాణ పత్రాన్ని కూడా భిక్నూర్ వెళ్లి బాలవ్వకు చదివి వినిపించాను. అంతా విని, బాగుందంది. సాక్షి ముద్ర మాత్రం వేయలేదు.